తొంభై ఆరు తర్వాత నూట పదమూడు

దబ్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ దబ్.

మెట్ల దగ్గరే ఆగి విన్నాను. బట్ట చుట్టిన సుత్తి పుస్తకం వెన్ను మీద పడుతున్న చప్పుడది. మామూలు రోజుల్లో ఆ దెబ్బలు, వాన వెలిశాక చూరు నుంచి జారే చుక్కల్లా, ఒకదాన్నొకటి తొందరపెట్టవు. ఆ రోజు అలా లేవు. ఎవరినో కొట్టాలని ఎత్తిన చెయ్యి, మనిషి దొరక్క, పుస్తకం మీద దిగుతున్నట్టుంది.

పైకి వెళితే ఆమె కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పళ్ళ మధ్య దారం కొస. కుడి చూపుడువేలి మీద, ముప్పై ఐదేళ్ళుగా దారం లాగి లాగి పడిన గాడి. అందరూ ఆమెను సూదమ్మ అంటారు. అసలు పేరు అడిగితే, "పేరు పుస్తకం రాసినవాళ్ళకు కావాలి, కుట్టినదానికెందుకు?" అంటుంది.

అది బైండింగు కొట్టు. పెద్ద చక్రం ఉన్న కటింగ్ మిషను, పుస్తకాలను బిగించే ఇనుప ప్రెస్సు, చిన్న స్టవ్ మీద పిండి జిగురు గిన్నె, గోడకు ఆనించిన బట్ట చుట్టలు, దారానికి పూసే మైనం ముద్ద. మిషను కోసి పడేసిన సన్నని కాగితపు అంచులు ఎప్పుడూ నేలంతా ఉంటాయి. కిటికీలోంచి గాలి వస్తే అవి కాస్త లేచి, ఎవరికీ రాయని ఉత్తరాల్లా, మళ్ళీ పడుకుంటాయి.

వెన్ను విరిగిన పాత నిఘంటువు ఒకటి తెచ్చాను నేను.

"ఆ మూల పెట్టు బాబూ. పది రోజులదాకా దాని ఊసెత్తకు."

"ఏమైందమ్మా?"

ఆమె సుత్తితోనే గుమ్మం పక్కకు చూపించింది. అక్కడ కట్టలు కట్టలుగా కొత్త పుస్తకాలున్నాయి. పెద్ద బడివాళ్ళవి. ఏటా బడి తెరిచే ముందు, తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకాలు గట్టి అట్ట వేయించడానికి ఆమె దగ్గరికే వస్తాయి. పై కట్టకు ఒక చీటీ గుచ్చి ఉంది.

"చదువు."

'తొమ్మిది, పది ఫారాలు తీసివేసి అట్ట కట్టవలెను. కరస్పాండెంటు.'

ఫారం అంటే అచ్చువేసిన పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పదహారు పేజీల మడత. అలాంటి మడతలను ఒకదాని మీద ఒకటి పెట్టి కుడితే పుస్తకం అవుతుంది.

"పోయినేటిదాకా ఒక్కటే తియ్యమనేవాడు," అంది. "ఇప్పుడు కొత్త పుస్తకం వచ్చింది, పాఠం పెరిగింది. రెండు తియ్యాలట. పాఠం పెరిగితే ఆయనకు భయం కూడా పెరిగింది."

దబ్.

"కూర్చో. మగవాడివి, నువ్వూ వినాలి."

*

పదకొండేళ్ళ కిందట కరస్పాండెంటు స్వయంగా ఈ మెట్లెక్కి వచ్చాడట. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. సంచీలోంచి సైన్సు పుస్తకం తీశాడు. అందులో ఒక పాఠాన్ని వేలితో కాదు, పెన్ను మూతతో తెరిచాడు. మనిషి శరీరం గురించిన పాఠం అది. ఆడ, మగ తేడా, నెలసరి ఎందుకొస్తుంది, బిడ్డ ఎలా పుడుతుంది. పది పేజీలు.

"ఇది ఉండకూడదమ్మా," అన్నాడు. "పిల్లలు కదా."

"నేను అవునన్నాను," అంది సూదమ్మ. "నాకూ సిగ్గేసింది. ఆ బొమ్మ చూడగానే పుస్తకం తిరగేసి బల్ల మీద పెట్టాను. నన్ను నేను తిట్టుకుంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి."

ముందు పది పేజీలే కోసింది. కుదరలేదు. మడతలో ఒక ఆకు కోస్తే, అవతలి వైపున్న దాని జంట ఆకు ఆధారం లేక మర్నాటికి ఊడొస్తుంది. అందుకని ఫారం మొత్తం తీసేసింది. తొంభై ఏడో పేజీ నుంచి నూట పన్నెండు దాకా. పుస్తకం చక్కగా కూర్చుంది, ఖాళీ ఉన్నట్టే తెలియలేదు. బైండరు పేజీ నంబర్లు చూస్తుంది, చదవదు. పది పేజీల పాఠం కోసం పదహారు పేజీలు పోతే, మిగతా ఆరింటిలో ఏముందో ఆమె చూడలేదు. కరస్పాండెంటూ చూడలేదు.

వాటిలో నాలుగు గుండె పాఠం చివరి పేజీలు.

ఆమె లేచి, బీరువా మీంచి ఒక పాత పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. మూలలకు తోలు, లోపల నెమలికంఠం రంగు కాగితం. బడి పుస్తకానికి ఎవరూ అంత అందంగా అట్ట కట్టరు. తొంభై ఆరో పేజీ అడుగున ఇలా ఉంది: 'శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం ముందుగా చేరేది గుండె కుడివైపున ఉన్న'. పేజీ తిప్పాను. నూట పదమూడు. 'వానపాములు నేలను గుల్లచేసి రైతుకు మేలు చేస్తాయి.'

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది, కానీ పళ్ళు బిగించి.

"నవ్వు. గుండె కుడివైపున ఉన్న వానపాములు. పదకొండేళ్ళు, బాబూ. ఏటా మూడొందల ఎనభై మంది పిల్లలు ఇది చదివారు. ఒక్కడు లేచి, మేడమ్, ఇదేంటి అనలేదు. ఒకడైతే కంఠస్థం చేసి పరీక్షలో రాశాడట. సైన్సు మేడమ్ అర మార్కు వేసింది."

"ఎవరూ అడగలేదా?"

"అడిగితే, ఆ పేజీల్లో ఏముండేదని ఎదురుప్రశ్న వస్తుంది కదా. ఆ ప్రశ్న ఎవరికి కావాలి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది. దాన్ని చూసి మేమూ కళ్ళు మూసుకున్నాం, పాలు కూడా లేకుండా."

*

ఆ తీసేసిన ఫారాలు ఏమయ్యాయో కూడా చెప్పాలి. ఆమెకు పని నేర్పింది మామగారు. కాగితం పారేస్తే ఆయన అన్నం తినేవాడు కాదట. అచ్చు పాడైన కాగితం, మిగిలిపోయిన కాగితం, ఏదైనా సరే ముక్కలు కోసి, కొత్త పుస్తకాల వెన్నుకు లోపలి వైపు జిగురుతో అంటించేవాడు. వెన్నుకు బలం వస్తుంది. పైన బట్ట కప్పేస్తారు గనుక ఎవరికీ కనబడదు. సూదమ్మ కూడా అదే చేసింది. పదకొండేళ్ళ పాటు ఆ పాఠాన్ని ముక్కలు కోసి, ఊళ్ళో ఆఫీసులన్నిటి రిజిస్టర్ల వెన్నులో పెట్టి కుట్టింది.

"ఆస్పత్రి రిజిస్టర్లు, గోదాము రిజిస్టర్లు, ఆ బడి హాజరు పుస్తకాలు. పెళ్ళిళ్ళు నమోదు చేసే ఆఫీసు పుస్తకం కూడా నేను కట్టిందే."

సుత్తి పక్కన పెట్టింది.

"మా అమ్మాయి సంతకం పెట్టింది ఆ పుస్తకంలోనే."

ఆ తోలు మూలల పుస్తకం వాళ్ళమ్మాయిది. మొదటిసారి ఫారాలు తీసిన ఏడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి. కూతురి పుస్తకం గనుక, మిగతావాటికన్నా శ్రద్ధగా కట్టింది. శ్రద్ధగా తీసింది కూడా.

పెళ్ళయ్యేనాటికి అమ్మాయికి ఇరవై ఒకటి. తనకు ఇష్టమైనవాడే. మొదటి రాత్రి నుంచీ నొప్పి. మామూలు నొప్పి కాదు, ఒళ్ళంతా తలుపు గడియలా బిగుసుకుపోయే నొప్పి. ఎవరికి చెప్పాలో తెలియదు, ఏ మాటలతో చెప్పాలో అంతకన్నా తెలియదు. ఇంటికి ఫోన్ చేసి, అమ్మా నాకు బాగాలేదు అనేది. అమ్మ, వేడినీళ్ళు తాగు అనేది. రెండేళ్ళు గడిచాయి. అత్తగారింట్లో ఆ పిల్లకు ఒక పేరు పెట్టారు. రాయి. పక్కింటివాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ ఆ పేరును నోట్లో చప్పరించారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అలా. చివరికి ఒకరోజు పెట్టెతో వచ్చి ఈ మెట్ల కింద నిలబడింది.

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అరగంట మాట్లాడింది. మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. ఇది చాలామందికి వస్తుందమ్మా, భయంతో కండరాలు బిగుసుకుంటాయి, నేర్చుకుంటే తగ్గుతుంది, నీ తప్పేం లేదు అంది. ఆ మాట అన్నాక మా అమ్మాయి ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ వినలేను. తర్వాత డాక్టరమ్మ ఊరికే, మాటవరసకు అడిగింది. ఇందులో సగం బళ్ళోనే చదివి ఉండాలే, తొమ్మిదో తరగతిలో పాఠం ఉంది కదా అని."

ఇంటికొచ్చి అమ్మాయి పాత పెట్టె తెరిచింది. ఈ పుస్తకం తీసింది. తొంభై ఆరు. నూట పదమూడు. చాలాసేపు ఆ రెండు అంకెలనే చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

"నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏమంది తెలుసా? 'కుట్టు చాలా బాగుందమ్మా, తీసినట్టే తెలియలేదు' అంది. అంతే. ఆ రోజు నుంచి మూడేళ్ళుగా ఈ కొట్టు గడప తొక్కలేదు. తెలిశాక కూడా, బడి పని పోతుందని, పోయినేటిదాకా ఆ ఫారం తీస్తూనే ఉన్నాను కదా. ఇల్లు ఈ గోడ వెనకే. వండుకుంటాం, తింటాం, పడుకుంటాం. ఇక్కడికి మాత్రం రాదు."

*

తర్వాత అమ్మాయి ఒక చోటికి వెళ్ళడం మొదలుపెట్టింది. టైర్ల కొట్టు పైన హాలు. సెలవురోజు పొద్దున ఒక నర్సమ్మ అక్కడ ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. శరీరం గురించి, నొప్పి గురించి, వద్దు అనడం గురించి. కావాలి అనడం గురించి కూడా. పాతికమంది వస్తారు. ఊరు ఊరంతా ఆ హాలును ఏమంటుందో ఇక్కడ రాయను. అలా అనేవాళ్ళలో సగం మంది భార్యలు ఆ పాతికలో ఉన్నారు.

అమ్మాయి రమ్మని పిలవలేదు. సూదమ్మే ఒకరోజు వెనకాలే వెళ్ళింది.

"కోపంతో వెళ్ళాను. వెళ్ళాక ఇంకా కోపం వచ్చింది. కాలేజీ పిల్లలు ఇద్దరు లేచి, శరీరం ఒక పండగ, సిగ్గు వదిలెయ్యండి ఆంటీ అన్నారు. ఏం పండగే తల్లీ, నాకు చెప్పు అన్నాను. సిగ్గు ఏమన్నా చెప్పులా, గుమ్మంలో వదిలి రావడానికి? ముప్పై ఏళ్ళు కుట్టినదాన్ని ఒక్క పొద్దున ఎలా విప్పను? వాళ్ళు నవ్వలేదు. అది మాత్రం నాకు నచ్చింది."

అక్కడ ఒక అట్టపెట్టె ఉంటుంది. పేరు రాయకుండా చీటీలో ప్రశ్న రాసి అందులో వెయ్యొచ్చు. నర్సమ్మ ఒక్కొక్కటే తీసి చదువుతుంది. ఆ రోజు మూడో చీటీ తీసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. సూదమ్మకు దూరం నుంచే తెలిసిపోయింది. రిజిస్టరు కాగితం, ఒక పక్క నీలం గీత, కటింగ్ మిషను కత్తి నడుమ కాస్త మొండిబారడం వల్ల వచ్చే చిన్న నొక్కు. తన కొట్టు కాగితం. గాలికి ఇంట్లోకి ఎగిరొచ్చిన అంచు.

'నొప్పి లేకుండా కూడా ఉంటుందని, బాగుంటుందని, నాకు ముందే ఎవరైనా చెప్పి ఉండకూడదా?'

నర్సమ్మ చదివింది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. సూదమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పక్క వరసలో కూతురు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ ప్రశ్న ఎవరికి రాసిందో ఇద్దరికే తెలుసు.

"తర్వాతి వారం నేనూ ఒక చీటీ వేశాను," అంది. "అదే కాగితం. కావాలనే."

"ఏం రాశారు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నేను వినదగినవాణ్ణా కాదా అని తూచినట్టుంది. తర్వాత, కాగితం మీద రాసింది చదువుతున్నట్టు, గొంతులో ఏ ఒడిదుడుకూ లేకుండా చెప్పింది.

"'నా భర్త మంచివాడు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. నాకేం ఇష్టమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒకరోజు చెప్పాను. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళా అని ఆయన ఏడ్చాడు. ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు. ఆ రెండేళ్ళూ చాలా బాగున్నాయి. మిగతా ఇరవై నాలుగేళ్ళు నేనెవరిని అడగాలి?'"

 నేల మీద కాగితపు అంచులు కదిలాయి.

"నర్సమ్మ అది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. దేవుణ్ణి అడుగు, రాతను అడుగు అనలేదు. అదొక్కటీ ఆ హాలు గొప్పతనం. నీకు కోపం రావాలమ్మా, వచ్చిందా అని అడిగింది. వచ్చింది అన్నాను. ఇప్పటికీ పోలేదు."

ఆమె కరస్పాండెంటు చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తొమ్మిది, పది ఫారాలు.

"ఈసారి కట్టలు దిగుతుంటే మా అమ్మాయి గుమ్మంలోంచి చూసింది. ఈ చీటీ కూడా చూసింది. రాత్రి అన్నం దగ్గర ఒకటే మాట అంది. 'కోస్తే ముందే చెప్పమ్మా, నేను వేరే ఇల్లు చూసుకుంటా' అని. అరిచి చెప్పలేదు. నీళ్ళు పొయ్యమన్నంత మామూలుగా చెప్పింది."

"బడి పని పోతే?"

"కొట్టులో సగం పని వాళ్ళదే. కటింగ్ మిషను వాళ్ళ కోసం కొన్నదే. పోతే నేను పెళ్ళికార్డులు మడుచుకోవాలి."

"మరేం చేస్తారు?"

"తెలిస్తే పుస్తకాన్ని ఇంత గట్టిగా కొడతానా?" అంది.

*

పది రోజుల తర్వాత వెళ్ళాను. మధ్యాహ్నం. మెట్ల మీద సుత్తి చప్పుడు లేదు. మైనం పూసిన దారం కాగితంలోంచి దూసుకొచ్చే సన్నని కీచు మాత్రం వినిపించింది. ఒకటి కాదు, రెండు. ఒకటి లాగుతుంటే ఒకటి ఆగుతోంది.

పైన రెండో పీట మీద అమ్మాయి కూర్చుని ఉంది. తల్లి ముక్కే, తల్లి భుజాలే. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. సూదమ్మ నన్ను చూసి, కూతురి వైపు గడ్డం ఎగరేసింది.

"నాలుగో రోజున వచ్చి కూర్చుంది. ఏమీ అడగలేదు. సూదిలోకి దారం ఎక్కించింది, అంతే."

"ఏం అడగాలి?" అంది అమ్మాయి తలెత్తకుండా. "తొమ్మిదో ఫారం ఎనిమిది మీద పెట్టి కుడుతున్నావు. కళ్ళున్నాయి కదా నాకు."

"ముప్పై ఐదేళ్ళ నుంచి కుడుతున్నదాన్ని. నిన్నగాక మొన్న వచ్చి నా ముడి వదులుగా ఉందంటుంది."

"ఉంది."

"ఉంటే ఉంది. నీ ఫోను మోగుతోంది చూడు, ఆ పొడుగాయన కాబోలు."

అమ్మాయి మొహంలో ఒక నవ్వు వచ్చి, దాక్కోకుండా, అక్కడే కూర్చుంది. ఫోను పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. సూదమ్మ గొంతు తగ్గించింది. "ఒకతనితో తిరుగుతోంది. పెళ్ళెప్పుడు అని అడగను. ఎక్కడికెళ్ళావు అని అడగను. తిరిగొచ్చాక మొహం చూస్తాను. తేటగా ఉంటే నాకు చాలు. ఇది మా అమ్మ వింటే నన్ను ఇదే జిగురు గిన్నెలో ముంచేది."

గోడ పొడుగునా మూడొందల ఎనభై పుస్తకాలు వరుసగా ఉన్నాయి. ఎర్ర బట్ట వెన్నులు. రెండు ఫారాలూ లోపలే ఉన్నాయి. నా నిఘంటువు కిటికీ గూట్లో, ప్రెస్సులోంచి అప్పుడే తీసినట్టు, బిగుతుగా కూర్చుంది.

కింద వ్యాను ఆగిన చప్పుడయింది. కరస్పాండెంటే వచ్చాడు. తెల్లటి చొక్కా. చంకలో ఒక లావుపాటి రిజిస్టరు. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"కమిటీ తీర్మానాల పుస్తకం అమ్మా. వెన్ను విడిపోతోంది. ఇప్పుడే కాస్త చూసి ఇచ్చెయ్యి, సాయంత్రం మీటింగుంది. పుస్తకాలు అయిపోయాయిగా?"

"అయిపోయాయి సార్."

ఆయన ఒకటి తీశాడు. అలవాటుగా పెన్ను మూతతో తెరిచాడు. మూత ఒక పేజీ దగ్గర ఆగింది. ఇంకోటి తీశాడు. ఇంకోటి.

"ఇదేంటమ్మా? చీటీ అందలేదా?"

"అందింది. చీటీ చదివాను. ఈసారి పాఠం కూడా చదివాను."

"తియ్యమన్నాను కదా."

"తీసుకోండి, కత్తి అక్కడుంది. కాకపోతే ఈసారి పుస్తకం మొత్తం ఒకే దారంతో కుట్టాం. ఆ రెండూ తీస్తే ముందున్నవీ వెనకున్నవీ కలిసి ఒళ్ళో పడతాయి. ఎల్లుండేగా బడి?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచే రకం కాదు. "నువ్వు పెద్దదానివి. పిల్లలు చెడిపోతారమ్మా. నేనూ ఇద్దరు ఆడపిల్లల తండ్రినే."

వెనక గది గుమ్మంలోంచి అమ్మాయి అంది. "నేను మీ బడి పిల్లనే సార్. చెడిపోకుండా నన్ను బాగా కాపాడారు. ఎలా కాపాడారో మీకు చెప్పనా?"

ఆయన గోడ పక్క బట్ట చుట్టలను చూశాడు. "మగవాళ్ళ ముందు ఇలాంటివి ఎందుకమ్మాయ్."

"మగవాళ్ళ వెనకే కదా సార్ ఇన్నాళ్ళూ మాట్లాడుకుంది. ఏం ఒరిగింది?"

"ఇదంతా ఆ టైర్ల కొట్టు హాలు చదువు. నాకు తెలుసు. అక్కడికి పోయేవాళ్ళ సంగతి ఊరికంతా తెలుసు."

అప్పుడు సూదమ్మ రిజిస్టరును తన వైపు లాక్కుంది. కోత కత్తి తీసుకుంది. వెన్ను మీద నల్లటి బట్టను పైనుంచి కింది దాకా ఒక్క గీత గీసి, పండు తోలు వలిచినట్టు వలిచింది. లోపల, ఎండి పసుపు తిరిగిన జిగురు కింద, అచ్చు కాగితం పేలిక. దాని మీద సగం బొమ్మ, ఒక బాణం గీత, బాణం చివర మాట. గర్భాశయం.



"ఏంటిది?" అన్నాడు.

"మీ బడి పుస్తకంలోంచి తీసిందే సార్. తియ్యమన్నారు. ఎక్కడ పారెయ్యాలో చీటీలో రాయలేదు."

"కమిటీ పుస్తకంలో ఈ బూతు పెట్టి కుట్టావా?"

"తొమ్మిదేళ్ళయింది పెట్టి. తొమ్మిదేళ్ళుగా మీరంతా దీని మీద చెయ్యి ఆనించి సంస్కారం గురించి తీర్మానాలు రాసుకున్నారు. మీలో ఒక్కరన్నా చెడిపోయారా సార్?"

అమ్మాయి ఫక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. తల్లి నవ్వలేదు.

"మూసెయ్," అన్నాడాయన.

"మూయడం నాకు బాగా వచ్చు సార్. పదకొండేళ్ళు మూశాను. మూసి మూసి నా కూతురి ఒంటికి గడియ వేసి పెట్టాను. ఊళ్ళో వాళ్ళు దానికి రాయి అని పేరు పెడుతుంటే, ఆ రాయిని ఇదిగో ఈ బల్ల మీద నేనే చెక్కానని నాకు తెలియలేదు. మీకు తెలుసా? తెలిసే ఆ చీటీ రాశారా, తెలియక రాశారా, అది చెప్పండి చాలు."

ఆయన రిజిస్టరు తీసుకుని, విప్పిన వెన్ను తన ఛాతీ వైపుకు తిప్పి, చంకలో నొక్కి పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం. అరిస్తే ఎందుకని నలుగురూ అడుగుతారు.

"ఊళ్ళో నువ్వొక్కదానివే బైండరువు కాదు. ఇక ఈ మెట్లు ఎక్కం. ఈ పేజీలు మా టీచర్లతో అంటించేస్తాను."

"అంటించండి సార్. అంటించిన పేజీలనే పిల్లలు ముందు విప్పుతారు."

కట్టలు వ్యానులోకి దిగాయి. వ్యాను వెళ్ళిపోయింది. గోడ పొడుగునా, పుస్తకాలు ఉన్నచోట, నేల మీద ఎర్ర బట్ట నూగు ఒక గీతలా మిగిలింది. సూదమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి, నిద్రపోతున్న పశువును నిమిరినట్టు, ఒకసారి నిమిరింది.

"ఇది ఇక తుప్పు పడుతుంది."

"పట్టనీ," అంది అమ్మాయి. చీపురు తీసుకుని నేల మీది అంచులు ఊడవడం మొదలుపెట్టింది. మూడేళ్ళ తర్వాత ఆ గదిలో ఆమె చీపురు పట్టడం అదే మొదటిసారి కావచ్చు. తల్లి కాళ్ళు పైకి ఎత్తి పీట మీద పెట్టుకుంది.

నేను నిఘంటువు తీసుకున్నాను. తెరిచి చూశాను. పేజీలన్నీ వరుసగా ఉన్నాయి. నేను చూస్తున్నది ఏమిటో ఆమెకు తెలుసు. 

మెట్లు దిగబోతుంటే వెనక నుంచి పిలిచింది. గొంతులో ఇంకా ఆ కోపమే ఉంది. కానీ ఇప్పుడది సుత్తి దెబ్బలా ఎక్కడ పడితే అక్కడ పడటం లేదు.

"బాబూ, నీకేం ఇష్టమే అని మీ ఆవిడను ఎప్పుడైనా అడిగావా? నాకు జవాబు చెప్పకు. ఇంటికెళ్ళి ఆవిణ్ణే అడుగు."